అడ్వర్బ్ రకం తెలిస్తే చాలదు, చోటు తెలియాలి

‘గీత గీసిన పదం ఏ రకం అడ్వర్బో రాయండి’ అనేది హైస్కూలు ఇంగ్లిష్ పేపర్లో ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్న. జవాబు పట్టే పద్ధతి కూడా అంతే పాతది. ‘ఎలా’ అని అడిగితే జవాబు దొరికేది మ్యానర్, ‘ఎక్కడ’ అంటే ప్లేస్, ‘ఎప్పుడు’ అంటే టైమ్, ‘ఎన్నిసార్లు’ అంటే ఫ్రీక్వెన్సీ, ‘ఎంత’ అంటే డిగ్రీ. ఈ అయిదు ప్రశ్నలు గుర్తుంటే మార్కులు పడతాయి. అదే విద్యార్థి కాలేజీ చదువు పూర్తయ్యాక కూడా ‘ఐ లైక్ వెరీ మచ్ కాఫీ’ అని రాస్తాడు. ‘వెరీ మచ్’ డిగ్రీని చెబుతుందని అతనికి తెలుసు. దాన్ని వాక్యంలో ఎక్కడ పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

రకాల జాబితా అసలు పనికొచ్చేది అక్కడే. ఇంగ్లిష్‌లో ఒక అడ్వర్బ్ ఏ రకమో తెలిస్తే అది వాక్యం మొదట్లో నిలబడుతుందా, మధ్యలో క్రియ పక్కన చేరుతుందా, చివరికి వెళ్తుందా అన్నది చాలావరకు తేలిపోతుంది. ఈ సంగతి పక్కనపెట్టి పేర్లు మాత్రమే బట్టీ పట్టిస్తే పరీక్ష గట్టెక్కుతుంది, వాక్యం గట్టెక్కదు.

తలకిందులైన వరుస

తెలుగులో క్రియ చివర వస్తుంది. దాని గురించి చెప్పే వివరాలన్నీ ముందే వచ్చి చేరతాయి. ‘ఆమె నిన్న రాత్రి రవీంద్రభారతిలో అద్భుతంగా నాట్యం చేసింది’ అంటాం. ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఆ తర్వాత క్రియ. ఇదే ఇంగ్లిష్‌లో ‘షి డాన్స్‌డ్ బ్యూటిఫుల్లీ ఎట్ రవీంద్రభారతి లాస్ట్ నైట్’. క్రియ, ఎలా, ఎక్కడ, ఎప్పుడు. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి రెండోదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది.

ఇది కాకతాళీయం కాదు. రెండు భాషల్లోనూ ‘ఎలా’ అన్నది క్రియకు అందరికన్నా దగ్గరి చుట్టం. ఆ తర్వాత చోటు, ఇంకా దూరంగా కాలం. క్రియ ఇంగ్లిష్‌లో ముందు, తెలుగులో చివర ఉండటం వల్ల అదే దూరం ఒక భాషలో కుడివైపుకి, ఇంకో భాషలో ఎడమవైపుకి కొలవాల్సి వస్తుంది. బడి పుస్తకాల్లో ‘మ్యానర్, ప్లేస్, టైమ్’ అని మూడు మాటల్లో కనిపించే సూత్రం వెనక ఉన్న లెక్క ఇదే.

మినహాయింపుగా చెప్పే వాక్యాలు కూడా ఈ లెక్కకు లొంగుతాయి. ‘హి వాక్డ్ హోమ్ స్లోలీ’ అన్నప్పుడు చోటు ముందు, తీరు తర్వాత వచ్చింది. నడక, వెళ్లడం, రావడం వంటి క్రియలకు ఎక్కడికి అన్నది చెబితే గానీ అర్థం నిండదు కాబట్టి అక్కడ చోటే క్రియకు దగ్గరగా జరుగుతుంది. తెలుగు చూడండి: ‘మెల్లగా ఇంటికి నడిచాడు’. మళ్లీ ప్రతిబింబమే. తెలుగులో విభక్తుల దన్ను ఉంది కాబట్టి ‘ఇంటికి మెల్లగా నడిచాడు’ అన్నా నష్టం లేదు. ఇంగ్లిష్‌కు అంత వెసులుబాటు లేదు.

ఇంకో గట్టి నియమం ఉంది. క్రియకూ దాని కర్మకూ మధ్య ఇంగ్లిష్ అడ్వర్బ్‌ను దూరనివ్వదు. ‘ఆమె తలుపు మెల్లగా తెరిచింది’ అనే వాక్యంలో తలుపు, మెల్లగా, తెరిచింది అన్న వరుస మనకు సహజం. దాన్నే వెనక నుంచి చదివినట్టు రాస్తే ‘షి ఓపెన్డ్ స్లోలీ ద డోర్’ అవుతుంది, తప్పవుతుంది. ‘షి ఓపెన్డ్ ద డోర్ స్లోలీ’ అనొచ్చు, ‘షి స్లోలీ ఓపెన్డ్ ద డోర్’ అనొచ్చు. ప్రతిబింబం సూత్రం ఇక్కడ తప్పుతుంది. మొదట్లో చెప్పిన కాఫీ వాక్యం కూడా ఇక్కడే దెబ్బతింది: ‘ఐ లైక్ కాఫీ వెరీ మచ్’.

‘గా’ తెచ్చే చిక్కు

మ్యానర్ అడ్వర్బ్ అనగానే ‘లీ’ గుర్తొస్తుంది. తెలుగువారికి అది ‘గా’ ప్రత్యయానికి జోడీలా కనిపిస్తుంది. అందం, అందంగా, బ్యూటిఫుల్, బ్యూటిఫుల్లీ. ఈ జోడీని నమ్ముకుంటేనే ‘ఫాస్ట్‌లీ’ అనే మాట పుడుతుంది. వేగంగా అన్నదానికి ‘గా’ ఉంది కాబట్టి ఫాస్ట్‌కు ‘లీ’ ఉండాలన్నది మన తర్కం.

ఫాస్ట్‌కు ఎందుకు లేదంటే చరిత్రలోకి వెళ్లాలి. పాత ఇంగ్లిష్‌లో యాడ్జెక్టివ్ చివర ఒక చిన్న అచ్చు చేరిస్తే అడ్వర్బ్ అయ్యేది. కాలక్రమంలో ఆ చివరి అచ్చు పలకడం మానేశారు. దాంతో ఫాస్ట్, హార్డ్ లాంటి మాటలకు యాడ్జెక్టివ్ రూపం, అడ్వర్బ్ రూపం ఒకటే అయిపోయాయి. ‘లీ’ దారి వేరు. ‘లిచ్’ అనే ప్రత్యయంతో యాడ్జెక్టివ్‌లు తయారయ్యేవి, దానికి అదే అచ్చు చేరి ‘లిచె’ అయితే అడ్వర్బ్‌లు. రెండూ అరిగిపోయి చివరికి ‘లీ’గానే మిగిలాయి. అందుకే ఫ్రెండ్లీ, లవ్లీ లాంటివి ‘లీ’తో ముగిసినా యాడ్జెక్టివ్‌లే. ‘హి స్పోక్ ఫ్రెండ్లీ’ అనడానికి లేదు, ‘ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అని చుట్టు తిరగాలి. ‘డ్రైవ్ స్లో’, ‘గో స్లో’ అని రోడ్డు పక్క బోర్డుల మీద కనిపించేది కూడా పాత అలవాటే, తప్పు కాదు. పద్దెనిమిదో శతాబ్దపు వ్యాకరణ పండితులు ఇలాంటి ‘లీ’ లేని రూపాల మీద కన్నెర్ర చేశారు. జనం పూర్తిగా వినలేదు.

రెండు రూపాలూ మిగిలిన మాటలతో జాగ్రత్తగా ఉండాలి. ‘హార్డ్’ అంటే కష్టపడి, ‘హార్డ్‌లీ’ అంటే దాదాపు లేనట్టే. ఇంటర్వ్యూలో ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అన్న అభ్యర్థి తాను అసలు పనే చేయనని ఒప్పుకున్నట్టు. ‘లేట్’ అంటే ఆలస్యంగా, ‘లేట్లీ’ అంటే ఈమధ్య. ‘నియర్’ దగ్గర, ‘నియర్లీ’ దాదాపు.

అంతకన్నా లోతైన చిక్కు ఒకటుంది. తెలుగులో ‘ఉంది’ పక్కన కూడా ‘గా’ వస్తుంది. ‘చీర అందంగా ఉంది’, ‘కాఫీ వేడిగా ఉంది’, ‘పులుసు కమ్మగా ఉంది’. ఇవి చీర గురించి, కాఫీ గురించి, పులుసు గురించి చెప్పే మాటలు. క్రియ ఎలా జరిగిందో చెప్పడం లేదు. ఇంగ్లిష్ ఇక్కడ యాడ్జెక్టివ్‌నే అడుగుతుంది. ‘షి లుక్స్ బ్యూటిఫుల్లీ’, ‘ఇట్ టేస్ట్స్ డెలిషస్లీ’ లాంటి వాక్యాలు పుట్టేది ఈ ‘గా’ వల్లే. లుక్, టేస్ట్, స్మెల్, ఫీల్, సౌండ్ అనే క్రియలు వచ్చినప్పుడు వాటి స్థానంలో ‘ఈజ్’ పెట్టి చూడటం తేలిక పరీక్ష. ‘షి ఈజ్ బ్యూటిఫుల్’ కుదిరింది కాబట్టి ‘షి లుక్స్ బ్యూటిఫుల్’. ‘షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ హిమ్’ అన్నప్పుడు ‘ఈజ్’ కుదరదు, అక్కడ చూడటం నిజంగా ఒక పని, కాబట్టి అడ్వర్బ్.

తెలుగు మాత్రం తన సంగతి తను చూసుకుంది. ఇంగ్లిష్ మాటలు తెచ్చుకున్నప్పుడు వాటి ‘లీ’ని సాధారణంగా గుమ్మం బయటే వదిలేసి, యాడ్జెక్టివ్‌కు సొంత ‘గా’ తగిలించింది. సీరియస్‌గా, డైరెక్ట్‌గా, జనరల్‌గా, ఫైనల్‌గా. అరువు సరుకుకు ఇంటి ముద్ర వేయడమంటే ఇదే.

రోజూ చేసే పని, ఎప్పుడూ చేసే పని

ఫ్రీక్వెన్సీ అడ్వర్బ్‌లను ఒకే రకంగా నేర్పడం వల్ల ఒక తప్పు స్థిరపడిపోయింది. ‘ఐ డైలీ గో టు ద జిమ్’. ఆల్వేజ్, యూజువల్లీ, ఆఫెన్, నెవర్ లాంటివి మధ్య చోటులో కూర్చుంటాయి: మామూలు క్రియకు ముందు, ‘ఈజ్, ఆర్, వాజ్’లకు తర్వాత, సహాయక క్రియ ఉంటే మొదటిదాని తర్వాత. ‘హి ఆల్వేజ్ కమ్స్ లేట్’, ‘హి ఈజ్ ఆల్వేజ్ లేట్’, ‘హి హాజ్ ఆల్వేజ్ కమ్ లేట్’. డైలీ, వీక్లీ, ట్వైస్ ఎ మంత్ లాంటివి లెక్క కచ్చితంగా చెబుతాయి, అవి చివరికి వెళ్లాలి: ‘ఐ గో టు ద జిమ్ డైలీ’. రెండూ ‘ఎన్నిసార్లు’ అన్న ప్రశ్నకే జవాబు చెబుతాయి. అయినా చోట్లు వేరు. ప్రశ్నతో రకాన్ని పట్టే పద్ధతికి ఉన్న పరిమితి ఇక్కడ బయటపడుతుంది.

టైమ్ అడ్వర్బ్‌లలో స్టిల్, యెట్ అనే రెంటికీ తెలుగులో ‘ఇంకా’ ఒక్కటే. ‘అతను ఇంకా ఇక్కడే ఉన్నాడు’ అంటే స్టిల్. ‘బస్సు ఇంకా రాలేదు’ అంటే మామూలుగా యెట్, అదీ చివర: ‘ద బస్ హాజ్ నాట్ కమ్ యెట్’. అదే సంగతిని విసుగుతో చెప్పాలంటే ‘ద బస్ స్టిల్ హాజ్ నాట్ కమ్’. స్టిల్ ‘హాజ్ నాట్’కి ముందు వస్తుంది. పైన చెప్పిన సహాయక క్రియ నియమాన్ని కావాలనే దాటుతుంది. ‘ఆల్రెడీ’తో గొడవే లేదు. ‘ఆల్రెడీ చెప్పాను కదా’ అని తెలుగే దాన్ని సొంతం చేసుకుంది.

ఇంగ్లిష్‌లో కొన్ని అడ్వర్బ్‌లు ‘నాట్’ లేకుండానే వాక్యాన్ని వ్యతిరేకార్థంలోకి తిప్పేస్తాయి. నెవర్, సెల్డమ్, రేర్లీ, హార్డ్‌లీ, స్కేర్స్లీ ఆ బాపతు. వాటిని వాక్యం మొదటికి తెస్తే కర్త, సహాయక క్రియ చోట్లు మార్చుకుంటాయి, ప్రశ్నలో లాగా. ‘నెవర్ హావ్ ఐ సీన్ సచ్ ఎ క్రౌడ్’. పదో తరగతి చదివినవాళ్లకు ఈ సంగతి వేరే రూపంలో పరిచయమే. ‘యాజ్ సూన్ యాజ్’ వాక్యాన్ని ‘నో సూనర్’తో తిరగరాయమనే ప్రశ్న ఇదే: ‘నో సూనర్ డిడ్ ద బెల్ రింగ్ దాన్ ద చిల్డ్రన్ రాన్ అవుట్’. ‘డిడ్’ ఎందుకొచ్చిందో, ‘ర్యాంగ్’ కాస్తా ‘రింగ్’ ఎందుకైందో చెప్పకుండా ఫార్ములాగా నేర్పడమే ఎక్కువ. కారణం తెలిస్తే ‘దాన్’ బదులు ‘వెన్’ రాసే పొరపాటు కూడా తగ్గుతుంది. సూనర్ పోలికను చెప్పే రూపం, పోలికకు దాన్ తోడు రావాలి.

వెరీ, టూ, ఓన్లీ

‘నాకు చాలా ఇష్టం’ అన్నదాన్ని ‘ఐ వెరీ లైక్ ఇట్’ అనేవాళ్లున్నారు. డిగ్రీ అడ్వర్బ్‌లన్నీ అన్నింటి పక్కనా చేరవు. వెరీ యాడ్జెక్టివ్ పక్కన, ఇంకో అడ్వర్బ్ పక్కన నిలుస్తుంది. క్రియ పక్కన నిలవదు. క్రియకు ‘రియల్లీ’ ముందు, లేకపోతే ‘వెరీ మచ్’ చివర. ‘టూ’ అంటే మోతాదు మించిందని, దానివల్ల ఏదో పని చెడిందని. ‘ద టీ ఈజ్ టూ హాట్’ అంటే తాగలేం. మనవాళ్లు మెచ్చుకోలుగా అనే ‘టూ గుడ్’ మాటల్లో చెల్లిపోతుంది గానీ దరఖాస్తులో చెల్లదు. ‘ఎనఫ్’ మొండిది, తను బలపరిచే మాట వెనక నిలబడుతుంది: ‘గుడ్ ఎనఫ్’, ‘ఫాస్ట్ ఎనఫ్’.

బడి జాబితాల్లో తరచూ చోటు దక్కని రకం ఫోకస్ అడ్వర్బ్. ఓన్లీ, ఈవెన్, జస్ట్ లాంటివి ఇందులోకి వస్తాయి. వాక్యంలో ఏ ముక్క మీద వెలుగు పడాలో ఇవి చెబుతాయి. ‘ఐ ఓన్లీ షోడ్ హిమ్ ద లెటర్’ అనే వాక్యం తీసుకోండి. ఉత్తరమే చూపించాను, వేరేది చూపించలేదు అనే అర్థం వస్తుంది. అతనికే చూపించాను, ఇంకెవరికీ చూపించలేదు అనీ వస్తుంది. చూపించానంతే, ఇవ్వలేదు అని మూడోది. మాటలో అయితే ఏ పదాన్ని ఒత్తి పలికామన్నదాన్ని బట్టి తేలిపోతుంది. కాగితం మీద తేలదు. తెలుగుకు ఈ బాధ లేదు. ‘ఏ’ని కావాల్సిన పదానికే అతికిస్తాం: ఉత్తరమే, అతనికే.

ఆ సౌకర్యానికి అలవాటుపడ్డ నోరు ఇంగ్లిష్‌లోనూ దాన్ని వెతుక్కుంటుంది. ‘ఈరోజే వచ్చాడు’ అన్నది ‘హి కేమ్ టుడే ఓన్లీ’ అవుతుంది. ‘ఇక్కడే ఉన్నాను’ అన్నది ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’. లండన్ వినేవాడికి అది ‘ఈరోజు ఒక్కరోజే’, ‘ఇక్కడ మాత్రమే’ అన్నట్టు వినిపిస్తుంది. దీన్ని భారతీయ ఇంగ్లిష్ లక్షణంగా చూడటమే న్యాయం, వెక్కిరించాల్సిన పని లేదు. విదేశీ క్లయింటుకు మెయిల్ రాసేటప్పుడు మాత్రం ఆ ‘ఓన్లీ’ని తీసేయడం మంచిది.

ఒకే పదం, రెండు చోట్లు, రెండు అర్థాలు

చోటు మారితే రకమే మారిపోయే అడ్వర్బ్‌లు ఇంగ్లిష్‌లో కొల్లలు. ‘షి డిడ్ నాట్ స్పీక్ నేచురల్లీ’ అంటే మాట్లాడింది, కానీ సహజంగా మాట్లాడలేదు. ‘నేచురల్లీ, షి డిడ్ నాట్ స్పీక్’ అంటే అసలు మాట్లాడనేలేదు, అందులో ఆశ్చర్యం లేదు. మొదటిది మ్యానర్. రెండోది మొత్తం వాక్యం మీద మాట్లాడేవారి తీర్పు, దాన్ని సెంటెన్స్ అడ్వర్బ్ అంటారు. ‘ఐ రియల్లీ డోంట్ నో’ అంటే నిజంగానే తెలియదు. ‘ఐ డోంట్ రియల్లీ నో’ అంటే పెద్దగా తెలియదు, కొంచెం తెలుసేమో. ఒక్క అడుగు పక్కకు జరిగితే ఇంత తేడా.

సెంటెన్స్ అడ్వర్బ్‌గా ‘హోప్‌ఫుల్లీ’ వాడకం మీద అమెరికాలో దశాబ్దాల పాటు గొడవ నడిచింది. ‘ఆశతో’ అనే అర్థంలోనే వాడాలని, ‘అలా జరుగుతుందని ఆశిద్దాం’ అనే అర్థం తప్పని ఛాందసుల వాదన. అమెరికన్ పత్రికలు ఎక్కువగా అనుసరించే అసోసియేటెడ్ ప్రెస్ శైలి నియమావళి 2012లో రెండో అర్థాన్నీ ఒప్పుకుంది. నిజానికి ఫ్రాంక్లీ, ఫార్చునేట్లీ అదే పని చేస్తుంటే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. హోప్‌ఫుల్లీ ఒక్కటే దొరికిపోయింది.

ఇన్ని రకాల పనులు చేసేవాటిని ఒకే పేరు కింద పెట్టడం భాషాశాస్త్రవేత్తలకు ఎప్పుడూ ఇబ్బందే. ఎందులోనూ ఇమడని మాటలన్నీ చివరికి అడ్వర్బ్ ఖాతాలో పడుతున్నాయన్నది వారి ఫిర్యాదు. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ ఇంగ్లిష్ వ్యాకరణం ఈ ఖాతాలో గట్టిగానే కోత పెట్టింది. యెస్టర్‌డే, టుడే, టుమారోలను ప్రొనౌన్ల వైపు పంపింది. ‘యెస్టర్‌డే వాజ్ హాట్’లో అది కర్తగా ఉంటుంది, ‘యెస్టర్‌డేస్ పేపర్’ అని షష్ఠి కూడా తీసుకుంటుంది. అడ్వర్బ్‌లు అలా చేయవు. హియర్, దేర్, డౌన్‌స్టెయిర్స్‌ను ప్రిపొజిషన్లలో కలిపింది. పోటీ పరీక్ష రాసేవారు ఇది చదివి జవాబు మార్చుకోకూడదు. పరీక్షలో ఇవి ఇప్పటికీ టైమ్, ప్లేస్ అడ్వర్బ్‌లే.

అడ్వర్బ్ పరిధి ఎంతవరకు అన్న ప్రశ్న ఒకసారి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఇగ్నాసియో ఫ్లోరెస్ ఫిగెరోవా అనే మెక్సికో పౌరుడు 2000లో ఉద్యోగం కోసం కల్పిత పేరు, కల్పిత సోషల్ సెక్యూరిటీ నంబర్ (అమెరికా ప్రభుత్వం ఒక్కొక్కరికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఇచ్చాడు. 2006లో తన అసలు పేరుతో కొత్త నకిలీ కార్డులు ఇచ్చాడు. ఈసారి వాటిమీదున్న నంబర్లు నిజంగా వేరే మనుషులవి. ఆ సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించలేదు. 2004లో చేసిన చట్టం ప్రకారం, ‘వేరొక వ్యక్తికి చెందిన’ గుర్తింపును ‘నోయింగ్లీ’, అంటే తెలిసి, వాడితే అదనంగా రెండేళ్ల జైలు తప్పనిసరి. ‘నోయింగ్లీ’ అనే మ్యానర్ అడ్వర్బ్ ‘వాడటం’ అనే క్రియ దగ్గరే ఆగుతుందా, ‘వేరొక వ్యక్తికి చెందిన’ అన్న చివరి ముక్క దాకా చేరుతుందా? కేసంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది. తెలుగులో అయితే ‘వేరేవాళ్లదని తెలిసి’ అనో ‘వాడుతున్నానని తెలిసి’ అనో రాయక తప్పేది కాదు, ముడి అక్కడే విడిపోయేది.

కింది అప్పీలు కోర్టు అతనికి వ్యతిరేకంగా చెప్పింది. 2009 మే 4న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ తీర్పును కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్ మామూలు ఇంగ్లిష్ మాట్లాడేవారి అలవాటునే ఆధారం చేసుకున్నారు. సకర్మక క్రియ పక్కన ఇలాంటి అడ్వర్బ్ వస్తే వినేవాళ్లు దాన్ని కర్మతో సహా మొత్తం పనికి వర్తింపజేసుకుంటారన్నది ఆయన వాదన. నంబర్ వేరే మనిషిదని తెలిసి వాడినట్టు రుజువైతేనే అదనపు శిక్ష. ఫలితంతో ఏకీభవించిన జస్టిస్ శామ్యూల్ అలిటో మాత్రం దీన్ని ప్రతి వాక్యానికీ సూత్రంగా పట్టుకోవద్దన్నారు. పార్కులో ఒక దొంగ ‘నోయింగ్లీ’ ఇద్దరి మీద దాడి చేశాడని, వారిలో ఒకరు ఫలానా కంపెనీ ఉద్యోగి, ఇంకొకరు ఫలానా ఊరి నుంచి వచ్చిన జాగర్ అని ఎవరైనా చెబితే, దొంగకు ఆ కంపెనీ పేరు, ఆ ఊరి పేరు కూడా తెలుసని ఎవరూ అనుకోరు కదా అన్నది ఆయన చూపిన ఉదాహరణ.